శీర్షికలో పట్టని మాట

2023 జూన్ చివర్లో ఒక రాత్రి నేను పెట్టిన శీర్షిక చదివి, మా నాన్న మర్నాటి నుంచి కాఫీలో మళ్లీ చక్కెర వేసుకోవడం మొదలుపెట్టారు. ఆయనకు పందొమ్మిదేళ్లుగా మధుమేహం.

అప్పట్లో నేనొక దినపత్రికలో రాత్రి డెస్కులో ఉపసంపాదకురాలిని. కాసేపట్లో పేజీలు ముద్రణకు వెళ్లాలనగా రాయిటర్స్ వార్త ఒకటి వచ్చింది. డైట్ పానీయాల్లోనూ తీపి బిళ్లల్లోనూ వాడే ఆస్పర్టేమ్‌ను, ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ ‘క్యాన్సర్ కలిగించే అవకాశం ఉన్న’ పదార్థాల జాబితాలో చేర్చబోతోందని, అధికారిక ప్రకటన జులైలో వస్తుందని దాని సారాంశం. పేజీలో మూడు కాలమ్‌ల చోటుంది. ‘ఆస్పర్టేమ్ క్యాన్సర్ కారకం కావచ్చు’ అని రాశాను. ఆస్పర్టేమ్ అంటే ఎవరికి తెలుస్తుంది, తీపి అని పెట్టమన్నారు మా ఇన్‌ఛార్జి. ‘కృత్రిమ తీపి క్యాన్సర్ కారకం కావచ్చు’ అని మార్చాను. అది మూడు కాలమ్‌లలో పట్టలేదు. అక్షరాలు చిన్నవి చేస్తే పక్క వార్త శీర్షిక ముందు వెలవెలబోయింది. చివరికి ‘కావచ్చు’ తీసేశాను. ‘కృత్రిమ తీపితో క్యాన్సర్!’ సరిగ్గా కొలిచి కోసినట్టు పట్టింది. ఆశ్చర్యార్థకం ఎవరూ అడగలేదు. నేనే పెట్టాను.

పేజీ పంపించి, సొరుగులోంచి చిన్న ప్లాస్టిక్ డబ్బా తీసి, మీట రెండుసార్లు నొక్కాను. రెండు తెల్ల బిళ్లలు కాఫీలో పడి, బుసబుసమని నురగ లేచి కరిగిపోయాయి. ఆ బిళ్లల్లో ఉన్నది ఆస్పర్టేమే. తాగి ఇంటికి వెళ్లాను. నా శీర్షికను నేనే నమ్మలేదన్నమాట. నమ్మింది మా నాన్న.

పది రోజుల తర్వాత అమ్మ ఫోను చేసింది. “మీ నాన్నగారికి షుగరు బాగా పెరిగింది. బిళ్లల డబ్బా చెత్తబుట్టలో పడేశారు. డాక్టరుగారు ఎందుకు మానేశారని అడిగితే, జేబులోంచి మీ పేపరు ముక్క తీసి చూపించారు” అంది. ఆయన లెక్కల మాస్టారుగా పనిచేసి రిటైరైన మనిషి. ఏదీ ఊరికే నమ్మరు. కానీ కూతురి పేపరు, కూతురి శీర్షిక. వెళ్లి అడిగితే ఒక్కటే మాట: “నిప్పు లేనిదే పొగ రాదు కదమ్మా. పైగా రాసింది నువ్వు.”

అప్పటి నుంచి ఈ విషయం మీద దొరికినదల్లా చదువుతూనే ఉన్నాను. ఒక అభిప్రాయానికి వచ్చాను. అది రెండు పక్షాలకూ నచ్చదు. కృత్రిమ తీపి వల్ల క్యాన్సర్ వస్తుందన్న భయానికి ఉన్న ఆధారం చాలా పలుచన. అది మనకు మేలు చేస్తుందన్న ధీమాకు ఉన్న ఆధారమూ అంతే పలుచన. మొదటిదాని మీద నలభై యాభై ఏళ్లుగా కేకలు వేసుకుంటున్నాం. రెండోదాన్ని ఎవరూ పట్టించుకోవడం లేదు.

ముందు నేను కోసి పారేసిన మూడక్షరాల సంగతి.

తెలుగులో ‘వచ్చు’ మోసినంత బరువు మరే మాటా మోయదేమో. ‘లోపలికి రావచ్చు’ అంటే అనుమతి. ‘ఈ పెట్టె ఒక్కరే ఎత్తవచ్చు’ అంటే సాధ్యమని. ‘సాయంత్రం వాన రావచ్చు’ అంటే గొడుగు పట్టుకెళ్లమని. ‘క్యాన్సర్ రావచ్చు’ అన్నామంటే చదివేవాడికి గుర్తొచ్చేది ఈ చివరిదే, మబ్బు పట్టిన ఆకాశం. క్యాన్సర్ పరిశోధన సంస్థ మాత్రం ఆకాశం గురించి మాట్లాడదు. అది పదార్థాలను ఆధారాల బలాన్ని బట్టి వర్గాలుగా పెడుతుంది. ఒకటో వర్గం: ఇది క్యాన్సర్ కలిగిస్తుంది, సందేహం లేదు. 2ఏ: కలిగిస్తూ ఉండి ఉంటుంది. 2బి: కలిగించదని చెప్పలేం. మూడు: చెప్పడానికి ఆధారాలు చాలవు. ఆస్పర్టేమ్ చేరింది 2బిలో. చీకట్లో ఏదో చుట్టగా పడి ఉంది, తాడే అయి ఉంటుంది గాని పాము కాదని ప్రమాణం చేయలేం అన్నట్టు. తెలుగు పత్రికల్లో 2ఏ అయినా 2బి అయినా ‘కావచ్చు’ అనే రాస్తాం. ‘అయి ఉంటుంది’, ‘కాదని చెప్పలేం’ అని రెండు వేర్వేరు మాటలు చక్కగా భాషలో ఉండగా ఒక్కదానితో సరిపెట్టేస్తాం.

ఒకప్పుడు ఈ సంస్థకు నాలుగో వర్గం కూడా ఉండేది: ‘బహుశా కలిగించదు’ అని. దశాబ్దాల తరబడి అందులో ఉన్నది ఒకే ఒక్క పదార్థం, నైలాన్ తయారీకి వాడే కాప్రోలాక్టమ్. 2019లో ఆ వర్గాన్నే ఎత్తేశారు. అంటే ఈ సంస్థ దేనికీ నిర్దోషి అని తీర్పు ఇవ్వదు. అది దాని పని కాదు. ఆ సంగతి తెలియక ప్రతిసారీ మనం బోనులో నిలబడినవాడి ముఖం చూస్తాం.

2బిలో ఇంకా ఎవరెవరున్నారో చూడండి. కలబంద మొత్తం ఆకు సారం ఉంది. మొబైల్ ఫోన్ల నుంచి వచ్చే రేడియో తరంగాలు 2011 నుంచి ఉన్నాయి. మూత్రాశయ క్యాన్సర్ అనుమానంతో కాఫీ 1991 నుంచి పాతికేళ్లు అక్కడే ఉండి, 2016లో బయటపడింది. ఇక దీనికి ఒక మెట్టు పైన, 2ఏలో ఉన్నవాటిలో రెండు చదివినప్పుడు నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఒకటి, 65 డిగ్రీలకు మించిన వేడితో తాగే పానీయాలు. రెండోది, రాత్రి షిఫ్టు. అంటే ఆ రాత్రి రాత్రి షిఫ్టులో కూర్చుని, పొగలు కక్కే కాఫీ తాగుతూ, ఆ రెండింటికన్నా కింది మెట్టు మీద ఉన్న బిళ్ల గురించి లోకాన్ని హెచ్చరించాను. నాన్న కూడా నాలుక కాలేంత వేడిగా ఉంటేనే కాఫీ అంటారు. బిళ్ల పారేశారు. వేడి అలాగే ఉంది.

జులై 14న అసలు ప్రకటన వచ్చింది. ఆ రోజు ఒకటి కాదు, రెండు ప్రకటనలు. క్యాన్సర్ సంస్థ 2బి అంది. దానికి ఆధారం ముఖ్యంగా కాలేయ క్యాన్సర్‌కూ తీపి కలిపిన డైట్ పానీయాలకూ సంబంధం చూపిన మూడు అధ్యయనాలు. అవీ పరిమితమైన ఆధారాలేనని, వేరే కారణాలు కలిసిపోయి ఉండవచ్చని అదే చెప్పింది. అదే రోజు, ఆహారంలో కలిపే పదార్థాలను పరిశీలించే ఐక్యరాజ్య సమితి సంస్థల ఉమ్మడి నిపుణుల కమిటీ, జెక్ఫా, తన పాత పరిమితిని మార్చాల్సిన అవసరం కనిపించలేదని చెప్పింది: శరీర బరువులో కిలోకు రోజుకు 40 మిల్లీగ్రాములు. ఆ రెండో ప్రకటనకు మా పత్రికలో లోపలి పేజీలో నాలుగు వాక్యాలు దక్కాయి. శీర్షిక ఏమిటో నాకే గుర్తులేదు.

నేను నాన్న దగ్గరకు వెళ్లింది ఆ వారంలోనే. చెత్తబుట్టలోంచి అమ్మ ఎప్పుడో తీసి దాచిన డబ్బా బల్ల మీద పెట్టాను. ఆయన కళ్లజోడు సవరించుకుని, వెనక చిన్న అక్షరాల్లో ఉన్నది పైకి చదివారు. ఒక్కో బిళ్లలో ఆస్పర్టేమ్ 18 మిల్లీగ్రాములు. “నీ బరువు ఎంత నాన్నా?” అన్నాను. “అరవై రెండు.” పేపరు అంచు మీద పెన్సిలుతో ఆయనే వేశారు. 62 ఇంటూ 40, 2480. దాన్ని 18తో భాగిస్తే 137 పైచిలుకు. “రోజుకు నూట ముప్పై ఏడు బిళ్లలా?” అన్నారు. ఆయన వేసుకునేది రెండు కప్పులకు కలిపి నాలుగు.

అయినా లెక్కల మాస్టారు కాబట్టి ఊరుకోలేదు. “ఈ నలభై ఎక్కడినుంచి వచ్చింది?” అని అడిగారు. మంచి ప్రశ్న. ఎలుకలకు రోజూ, దీర్ఘకాలం, రకరకాల మోతాదుల్లో పెట్టి చూస్తారు. హాని కనిపించని అత్యధిక మోతాదు ఆస్పర్టేమ్ విషయంలో కిలోకు 4000 మిల్లీగ్రాములు. ఎలుక వేరు, మనిషి వేరు కాబట్టి దాన్ని పదితో భాగిస్తారు. మనుషుల్లో కూడా ఒకరి తట్టుకునే శక్తి మరొకరికి ఉండదు కాబట్టి మళ్లీ పదితో భాగిస్తారు. నలభై వస్తుంది. ఆ గీత దాటిన క్షణాన ఏదో జరిగిపోతుందని కాదు. బతుకంతా రోజూ ఆ గీత దగ్గరే ఉన్నా ఫరవాలేదని దాని ఉద్దేశం. నాన్న కాసేపు ఆ సంఖ్యలు చూసి, “పదితో ఎందుకు, ఏడుతో ఎందుకు భాగించకూడదు?” అన్నారు. దానికి నా దగ్గర జవాబు లేదు. అది ప్రకృతి ఇచ్చిన సంఖ్య కాదు, జాగ్రత్త కోసం మనుషులు కుదుర్చుకున్న ఆనవాయితీ అన్నాను. ఆయనకు అది నచ్చింది. అబద్ధం చెప్పనందుకు కాబోలు.

ఈ తీపి పదార్థాల పుట్టుక కథలు చదివితే, ఇవి ఇన్నాళ్లూ అనుమానాల మధ్య ఎందుకు బతికాయో కొంత అర్థమవుతుంది. దాదాపు ప్రతిదీ ఎవరో చేతులు కడుక్కోకపోవడం వల్ల దొరికినదే. 1879లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో ఇరా రెమ్సెన్ ప్రయోగశాలలో పనిచేసే కాన్‌స్టాంటిన్ ఫాల్‌బర్గ్ రాత్రి భోజనానికి కూర్చుంటే రొట్టె తియ్యగా తగిలింది. తీపి రొట్టెది కాదు, వేళ్లది. అదే శాకరిన్, బొగ్గు తారు నుంచి తీసిన రసాయనాల సంతానం. 1937లో మైఖేల్ స్వేదా అనే విద్యార్థి జ్వరం మందు కోసం ప్రయత్నిస్తూ, బల్ల అంచున పెట్టిన సిగరెట్టు తీసి నోట్లో పెట్టుకుంటే తియ్యగా ఉంది. సైక్లమేట్. 1965లో జేమ్స్ ష్లాటర్ కడుపు పుండు మందు మీద పనిచేస్తూ, కాగితం తీయడానికి వేలు తడి చేసుకున్నాడు. ఆస్పర్టేమ్. ఇక సుక్రలోజ్‌ది అన్నిటికన్నా విచిత్రం. 1976లో లండన్‌లో శశికాంత్ ఫడ్నిస్ అనే యువ పరిశోధకుడికి తన ప్రొఫెసర్ ఆ పదార్థాన్ని ‘టెస్ట్’ చేయమంటే ‘టేస్ట్’ చేయమన్నట్టు వినిపించిందట. క్లోరిన్ ఎక్కించిన పొడిని నాలుక మీద వేసుకున్నాడు. ఇలాంటి కథలు విన్నవాడికి ‘ప్రయోగశాలలో పుట్టిన తీపి’ అంటే కొంచెం వెరపు కలగడం సహజమే.

ఆ వెరపుకు విరుగుడుగా చాలామంది ‘సహజమైనది’ అన్న మాటను పట్టుకుంటారు. స్టీవియా ఆకు నుంచి వచ్చింది కదా, ఇంకేం భయం అంటారు. పొట్లంలో వచ్చేది ఆకు కాదు, ఆకులోంచి విడదీసి శుద్ధి చేసిన తెల్లటి పొడి. దానికీ రోజువారీ పరిమితి ఉంది. సహజం మాటకొస్తే, పూర్వం రోమనులు ద్రాక్షరసాన్ని సీసపు పాత్రల్లో మరగబెట్టి తీపి పాకం చేసుకునేవారు. ఆ తీపిలో కొంత సీసపు లవణానిదే. లోకంలో నిజంగా విషమైన తీపి ఏదైనా ఉందంటే అదే, దాన్ని ఎవరూ ప్రయోగశాలలో తయారు చేయలేదు.

శాకరిన్ కథ మాత్రం కొంచెం నిలబడి చూడాలి. ఇప్పటి గొడవంతా అక్కడ ముందే ఒకసారి ఆడేశారు. 1908 నాటికే అమెరికా ప్రభుత్వ రసాయన శాస్త్రవేత్త హార్వే వైలీ దాన్ని నిషేధించాలని పట్టుపట్టాడు. అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ అడ్డుకున్నాడు. ఆయన వైద్యుడు ఆయనకు రోజూ ఇస్తున్నది అదే మరి. శాకరిన్ హానికరమన్నవాడు మూర్ఖుడని అధ్యక్షుడు మండిపడ్డట్టు వైలీయే తర్వాత చెప్పుకున్నాడు. చక్కెర తినకూడనివాడు ఒకవైపు, ఆహారం స్వచ్ఛంగా ఉండాలనేవాడు మరోవైపు. ఇద్దరూ తమ అనుభవం నుంచే మాట్లాడారు, ఇద్దరి దగ్గరా సరైన ప్రయోగం లేదు.

ప్రయోగం 1970ల్లో వచ్చింది. కెనడాలో ఎలుకలకు వాటి తిండిలో 5 శాతం దాకా శాకరిన్ పెట్టారు. మగ ఎలుకలకు మూత్రాశయంలో కణుతులు వచ్చాయి. జంతువుల్లో క్యాన్సర్ కలిగించే పదార్థాన్ని ఆహారంలో కలపడానికి వీల్లేదని 1958 నుంచి అమెరికాలో డెలానీ నిబంధన ఉంది. మోతాదుతో దానికి పని లేదు. 1977లో అక్కడి ఆహార, ఔషధ సంస్థ, ఎఫ్‌డీఏ, నిషేధం ప్రతిపాదించింది. సైక్లమేట్‌ను 1969లోనే తీసేశారు కాబట్టి, అప్పటికి మిగిలిన కృత్రిమ తీపి అదొక్కటే. మధుమేహ రోగులు, బరువు తగ్గాలనుకునేవాళ్లు ఉత్తరాలతో ముంచెత్తారు. చట్టసభ నిషేధాన్ని వాయిదా వేసి, బదులుగా పొట్లం మీద హెచ్చరిక అచ్చు వేయమంది. ఆ హెచ్చరిక 2000 దాకా ఉంది. ఈలోగా తేలినదేమిటంటే, మగ ఎలుక మూత్రంలోని ప్రొటీను, కాల్షియం, ఫాస్ఫేటులతో అంత మోతాదు శాకరిన్ కలిస్తే సన్నని స్ఫటికాలు ఏర్పడి మూత్రాశయం లోపలి పొరను గీరుతాయి, ఆ గాయం మానుతూ మానుతూ కణితిగా మారుతుంది. మనిషి మూత్రంలో ఆ పరిస్థితి లేదు. ఎలుక చెప్పినది అబద్ధం కాదు. ఎలుక సంగతి అది చెప్పింది, మనం మన సంగతిగా విన్నాం.

సైక్లమేట్ అయితే ఇప్పటికీ అమెరికాలో నిషిద్ధం, యూరప్‌లో అనుమతి. ఒకే పొడి, ఒకే రకమైన మూత్రపిండాలు, సముద్రానికి అటూ ఇటూ రెండు తీర్పులు. ‘అక్కడ నిషేధించారట’ అని ఎవరైనా అనగానే నమ్మేసేవాళ్లు ఈ ఒక్కటి గుర్తుపెట్టుకుంటే బాగుండును.

ఇంతవరకు చదివి, ఈవిడ కంపెనీల తరఫు మనిషి అనుకునేవాళ్లు ఉంటారు. వాళ్ల అనుమానానికీ కారణాలున్నాయి. ఆస్పర్టేమ్‌కు ఎఫ్‌డీఏ 1974లో అనుమతి ఇచ్చి, అభ్యంతరాలు రాగానే నిలిపేసింది. 1980లో విచారణ బోర్డు, మరిన్ని ప్రయోగాలు జరిగేదాకా వద్దంది. 1981లో కొత్తగా వచ్చిన కమిషనర్ ఆ సలహాను పక్కనపెట్టి అనుమతించాడు. అప్పుడు దాన్ని తయారుచేసే సెర్ల్ కంపెనీ అధిపతి డొనాల్డ్ రమ్స్‌ఫెల్డ్, అంతకుముందు రక్షణ మంత్రి. ఇంత రాజకీయం అంటుకున్న పదార్థం మీద కుట్ర కథలు పుట్టకపోతేనే వింత. కానీ అనుమతి ఇచ్చిన తీరు బాగాలేదన్నది ఒక సంగతి, పదార్థం ప్రమాదకరమన్నది మరో సంగతి. మొదటిది రుజువైతే రెండోది రుజువైనట్టు కాదు. అటుపక్క చక్కెరవాళ్లూ ముత్యాలేమీ కాదు. గుండె జబ్బుల నింద చక్కెర మీద పడకుండా కొవ్వు మీదకు మళ్లేలా, 1960ల్లో చక్కెర పరిశ్రమ హార్వర్డ్ పరిశోధకులకు డబ్బిచ్చి వ్యాసం రాయించిన సంగతి 2016లో పాత పత్రాలతో బయటపడింది. తీపి మీద జరిగిన ప్రతి వాదంలో, రెండువైపులా ఎవరి సరుకు వాళ్లకుంది.

ఆస్పర్టేమ్‌లో మిథనాల్ ఉందనే వాదన కూడా తరచూ వింటాం. కడుపులోకి వెళ్లాక అది ఫినైల్‌అలనిన్, అస్పార్టిక్ ఆమ్లం, కొద్దిగా మిథనాల్‌గా విడిపోతుంది, నిజమే. పండ్ల రసాల్లోనూ మిథనాల్ ఉంటుంది, టమాటా రసంలో మరీను. ఆ భయం అక్కడితో వదిలేయవచ్చు. వదిలేయకూడనిది ఫినైల్‌అలనిన్. ఫినైల్‌కీటోన్యూరియా అనే పుట్టుకతో వచ్చే లోపం ఉన్నవాళ్ల శరీరం దాన్ని విడగొట్టలేదు, పేరుకుపోతే మెదడు దెబ్బతింటుంది. డబ్బా మీద ‘ఫినైల్‌అలనిన్ ఉంది’ అని అచ్చు వేసేది వాళ్లకోసమే. లక్షలమందికి అక్కర్లేని ఆ ఒక్క వాక్యం, కొద్దిమంది పిల్లల మెదళ్లను కాపాడుతుంది. నాకు తెలిసినంతలో ఈ మొత్తం వ్యవహారంలో అత్యంత నిజాయితీ అయిన హెచ్చరిక అదే: ఎవరికి, ఎందుకు అన్నది అందులో ఉంది.

క్యాన్సర్ మీద కొట్టిపారేయలేని ఆధారాలు లేవా అంటే, ఉన్నాయి. 2022లో ఫ్రాన్స్‌లో 1,02,865 మంది మీద వచ్చిన అధ్యయనంలో, కృత్రిమ తీపి ఎక్కువగా తీసుకునేవారిలో క్యాన్సర్ 13 శాతం ఎక్కువగా కనిపించింది. ఇటలీలోని రామజ్జినీ సంస్థ ఎలుకల ప్రయోగాలున్నాయి. వాటి పద్ధతిని యూరప్, అమెరికా సంస్థలు రెండూ తప్పుపట్టాయి. ఫ్రాన్స్ అధ్యయనాన్ని అలా తీసిపారేయలేం. కానీ అందులో ఒక చిక్కుముడి ఉంది. డైట్ పానీయాలు ఎవరు తాగుతారు? బరువు పెరిగినవాళ్లు, షుగరు అంచున ఉన్నవాళ్లు, ఇంట్లో గుండె జబ్బు చూసి భయపడినవాళ్లు. అంటే జబ్బుకు దగ్గరైనవాళ్లే తీపి బిళ్లకూ దగ్గరవుతారు. గొడుగులు పట్టుకున్నవాళ్లే ఎక్కువ తడుస్తున్నారని లెక్కతేల్చి, తడవడానికి కారణం గొడుగే అన్నట్టు ఉంటుంది. పరిశోధకులు ఆ తేడాలను గణితంతో సరిచేస్తారు, పూర్తిగా సరిచేయలేరు.

నాకు నిజంగా నిద్రపట్టనివ్వని సంగతి వేరు. 2023 మే 15న, అంటే నా శీర్షికకు ఆరు వారాల ముందు, ప్రపంచ ఆరోగ్య సంస్థ మరో మార్గదర్శకం విడుదల చేసింది. బరువు తగ్గడం కోసం కృత్రిమ తీపిని వాడవద్దని. స్టీవియాతో సహా. 283 అధ్యయనాలను ముందు పెట్టుకుని చూస్తే, కొద్ది నెలల ప్రయోగాల్లో బరువు కొంచెం తగ్గుతోంది, ఏళ్ల తరబడి గమనించినవాటిలో తగ్గడం కనిపించడం లేదు. పైపెచ్చు టైప్ 2 మధుమేహం, గుండె జబ్బులు ఎక్కువగా ఉన్నాయి. గొడుగు చిక్కు ఇక్కడా ఉందని సంస్థే ఒప్పుకుంది, అందుకే సలహాను షరతులతో ఇచ్చింది. ఇప్పటికే మధుమేహం ఉన్నవాళ్లకు ఈ సలహా వర్తించదని కూడా చెప్పింది, అంటే మా నాన్నకు కాదు. ఇది నాకు, నాలాంటివాళ్లకు. రాత్రి షిఫ్టులో నడుము చుట్టుకొలత పెరుగుతోందని బిళ్లల డబ్బా కొనుక్కున్నవాళ్లకు. ఆ వార్త కూడా మా డెస్కుకు వచ్చింది. ‘ఫలితం లేదు’ అనే శీర్షిక ఎవరు చదువుతారని పక్కన పెట్టాం. పెట్టినవారిలో నేనూ ఉన్నాను.

దానికి తోడు ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ సంస్థ 2022లో చేసిన ప్రయోగం. అంతకుముందు ఇవేవీ వాడని 120 మందికి రెండు వారాలపాటు, అనుమతించిన పరిమితికి లోపలే ఇచ్చి చూశారు. శాకరిన్, సుక్రలోజ్ తీసుకున్నవారిలో గ్లూకోజును తట్టుకునే తీరు మారింది, పేగుల్లోని సూక్ష్మజీవులు మారాయి. అందరిలో ఒకేలా కాదు, కొందరిలో బాగా, కొందరిలో అసలు లేదు. చిన్న ప్రయోగమే. కానీ ‘ఇవి లోపలికి వెళ్లి ఏ పనీ చేయకుండా బయటికి వస్తాయి’ అని నేను నమ్ముతూ వచ్చిన మాటకు అక్కడ గండి పడింది. క్యాన్సర్ లేదంటే ఏమీ లేదని కాదన్నమాట.

నేను బిళ్లలు మానేశాను. భయపడి కాదు. మూడేళ్లు వాడి ఒక్క కిలో కూడా తగ్గలేదు, పైగా తీపి మీద మోజు చెక్కుచెదరలేదు. చక్కెర కన్నా రెండు వందల రెట్లు తియ్యనైన దానితో రోజుకు ఆరుసార్లు నాలుకను మేపుతూ, తీపి ఇష్టం తగ్గాలని కోరుకోవడం ఏం తెలివి? ఇది శాస్త్రం కాదు, నా అనుభవం, దీన్ని ఎవరూ పేపర్లో వేయనక్కర్లేదు. నాన్న మాత్రం బిళ్లలకే తిరిగి వచ్చారు. ఆయన విషయంలో బిళ్లకు పోటీ ఖాళీ కాఫీ కాదు, రెండు చెంచాల చక్కెర. ఆ పోటీలో బిళ్ల గెలుస్తుంది. నా విషయంలో దానికి పోటీ ఏమీ లేదు. ఒకే కుటుంబంలో, ఒకే బిళ్లకు రెండు జవాబులు.

ఏడాది తర్వాత, 2024 జూన్‌లో, అమెరికాలోని క్లీవ్‌లాండ్ క్లినిక్ నుంచి మరో వార్త వచ్చింది. చక్కెరకు బదులుగా వాడే జైలిటాల్ రక్తంలో ఎక్కువగా ఉన్నవారికి గుండెపోటు, పక్షవాతం ముప్పు ఎక్కువగా కనిపించిందని. అంతకు ముందు ఏడాది అలాంటిదే మరో తీపి, ఎరిత్రిటాల్ గురించి చెప్పింది కూడా ఆ బృందమే. ఈ రెండింటినీ మన శరీరం కూడా కొద్దిగా తయారు చేసుకుంటుంది, కాబట్టి రక్తంలో ఉన్నది తిన్నదా, లోపల పుట్టినదా అన్న ప్రశ్న ఉంది. ఆ రాత్రీ డెస్కులో నేనే. మూడు కాలమ్‌లు. ఇన్‌ఛార్జి, “గుండెకు తీపి పోటు అని పెట్టండి, బాగుంటుంది” అన్నారు. బాగుంది కూడా. నేను రెండు వరుసల శీర్షిక రాశాను: ‘రక్తంలో జైలిటాల్ ఎక్కువున్నవారిలో గుండె జబ్బులు అధికం, తిన్నందువల్లేనా అన్నది తేలాలి’. ఆయన దాన్ని ఒకసారి పైకి చదివి, ఏమీ అనకుండా వార్తను తొమ్మిదో పేజీకి పంపించారు.

పొద్దున్నే నాన్న ఫోను చేశారు. వెనక డబ్బా మీట నొక్కిన చప్పుడు వినిపించింది, రెండుసార్లు. “ఇవాళ తొమ్మిదో పేజీలో ఎవరో పెద్ద శీర్షిక పెట్టారమ్మా. రెండుసార్లు చదివాను. వాడాలో మానాలో మాత్రం చెప్పలేదు” అన్నారు.